ముత్తాత పేరు ఫ్రెంచ్ సైట్‌లో దొరకడం లేదా?

ప్రశ్న: మాది యానాం. మా ముత్తాత ఫ్రెంచ్ సైన్యంలో చేరి, వియత్నాంలోని సైగాన్‌లో పనిచేసి, తిరిగొచ్చి ఇక్కడే పోయారు. ఆయన మిలటరీ పుస్తకం ట్రంకు పెట్టెలో ఉంది. ఫ్రెంచ్ రక్షణ శాఖ వారి 'మెమ్వార్ దే జోమ్' సైట్‌లో పేరు కొడితే ఏమీ రావడం లేదు. రికార్డు లేనట్టేనా?

జవాబు: టెన్షన్ పడకండమ్మా. ఆ సైట్‌లో అందరూ ముందుగా తెరిచేది ఫ్రాన్స్ కోసం ప్రాణాలు వదిలిన సైనికుల జాబితా. ఒక్క మొదటి ప్రపంచ యుద్ధానివే 13 లక్షలకు పైగా పేర్లు. సైగాన్ ఉన్న ఇండోచైనాలో జరిగిన యుద్ధానికి వేరే జాబితా ఉంది. మీ ముత్తాత ప్రాణాలతో ఇంటికొచ్చారు, కాబట్టి ఆ జాబితాల్లో ఆయన పేరు ఉండదు. ఆయన సర్వీసు ఫైలు కోసం ఫ్రాన్స్‌లోని పో అనే ఊళ్లో ఉన్న మిలటరీ సిబ్బంది రికార్డుల కేంద్రానికి రాయాలి. ఫ్రెంచ్‌లో చిన్న ఉత్తరం చాలు. అందులో పేరు, పుట్టిన తేదీ, అన్నిటికంటే ముఖ్యంగా 'మాట్రిక్యూల్' నంబరు, అంటే సైనికుడికి ఇచ్చిన గుర్తింపు సంఖ్య, ఉండాలి.

ఆ నంబరు మీ పెట్టెలోని పుస్తకంలోనే ఉంటుంది. కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ప్రతి పేజీ ఫొటో తీయండి, ఖాళీగా కనిపించినవి కూడా. స్కానర్ యాప్ వాడితే బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ తీసేయండి. కాగితాన్ని తెల్లగా చేయబోయి వెలిసిన ముద్రలను, పెన్సిల్ రాతలను అది చెరిపేస్తుంది. టార్చి పక్క నుంచి ఏటవాలుగా వేస్తే పెన్సిల్ గీత పడిన గాడి కనిపిస్తుంది. లామినేషన్ మాత్రం వద్దు. మా ఇంట్లో ఒక పాత కాగితానికి చేయించి, తర్వాత తీయలేక నేను పడ్డ బాధ మీకొద్దు.

పుస్తకంలో 'క్లాస్ 1932' అని ఉంటే అది చేరిన ఏడాది కాదు, ఆయనకు 20 ఏళ్లు నిండిన ఏడాది. అంటే 1912లో పుట్టారన్నమాట.

ఇక పేరు. సగం మంది తప్పిపోయేది ఇక్కడే. మనం ఇంగ్లిష్ అలవాటులో 'సు'కి ఎస్-యు కొడతాం. ఫ్రెంచ్ గుమాస్తా ఎస్-ఓ-యు రాశాడు. 'చ'కి టి-సి-హెచ్, 'జ'కి డి-జె. యానాం కూడా వై-ఏ-ఎన్-ఏ-ఓ-ఎన్. అసలు ఇంటిపేరే మారిపోయి ఉండొచ్చు. 1881 సెప్టెంబరు 21 నాటి డిక్రీ ప్రకారం పెళ్లి, వారసత్వం లాంటి విషయాల్లో తమ ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచ్ సివిల్ కోడ్ కిందికి వెళ్లినవాళ్లు కొత్త ఇంటిపేరు పెట్టుకున్నారు. మీ ఇంట్లో ఎవరికీ లేని ఇంటిపేరు ఆ పుస్తకంలో కనిపిస్తే, వేరే మనిషిదేమో అని పక్కన పెట్టేయకండి.

ఆయన తండ్రి, తాతల వివరాలు కావాలంటే ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లోని ఓవర్సీస్ ఆర్కైవ్స్ (ఫ్రాన్స్ పాత వలసల రికార్డుల కేంద్రం) సైట్ చూడండి. యానాం పాత జనన, వివాహ, మరణ రిజిస్టర్లు స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. పేరు కొడితే వచ్చే రకం కాదు. ఊరు, సంవత్సరం ఎంచుకుని పేజీలు తిప్పాలి. ఓపిక కావాలి. కానీ నూటయాభై ఏళ్ల కిందటి మీ వాళ్ల పేరు ఆ చేతిరాతలో చూసిన రోజు ఆ శ్రమ గుర్తుండదు.

ప్రశ్న: పాత ఫ్రెంచ్ చేతిరాతను ఏఐ చదవగలదా?

జవాబు: చాలావరకు చదువుతుంది. ట్రాన్స్‌క్రిబస్ అనే చేతిరాత చదివే ఏఐ సాధనం ఈ పని కోసమే ఉంది. గూగుల్ లెన్స్‌కి అచ్చు అక్షరాలైతే సులువు. పేర్లు, తేదీలు మాత్రం మీరే సరిచూసుకోండి. పాత రిజిస్టర్లలో '7బ్రె' అని పొట్టిగా రాస్తే అది సెప్టెంబరు, ఏడో నెల కాదు. ఫ్రెంచ్‌లో ఏడుని 'సెత్' అంటారు, అందుకని. అలాగే 8 అక్టోబరు, 9 నవంబరు, ఎక్స్ అక్షరం ఉంటే డిసెంబరు. యాప్ జులై అని చెబితే, అంకె పక్కన ఆ చిన్న 'బ్రె' ఉందేమో జూమ్ చేసి చూడండి.