సోదా మీద రాసేటప్పుడు

ప్రియమైన స్రవంతికి,

అనుమానం లేకుండానే మనిషిని ఆపి సోదా చేసే బ్రిటన్ పోలీసుల అధికారం మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. నీ కోపం న్యాయమైనదే. కానీ స్వేచ్ఛ, భద్రత అంటూ రెండు పేజీలు నడిచాక గానీ అందులో మనిషి కనిపించడం లేదు. ఆ రెండు పేజీలూ కొట్టెయ్. 2003 సెప్టెంబరు 9న లండన్ డాక్‌లాండ్స్‌లో, ఆయుధాల ప్రదర్శన దగ్గర మొదలుపెట్టు. గిల్లన్ అనే విద్యార్థి నిరసనకు సైకిల్ మీద వస్తే అతన్ని పోలీసులు ఆపారు, సోదా చేశారు, నిరసన తాలూకు కాగితాలు తీసుకున్నారు, సోదా చేసినట్టు రాసిన ఫారం చేతికిచ్చారు. క్వింటన్ అనే మహిళా జర్నలిస్టు ప్రెస్ కార్డు చూపించినా వదల్లేదు, వీడియో తీయడం ఆపమన్నారు. గిల్లన్, క్వింటన్ కేసంతా అక్కడే పుట్టింది.

ఆ తర్వాత చట్టం చెప్పు. 2000 నాటి టెర్రరిజం చట్టం 44వ సెక్షన్ కింద సీనియర్ పోలీసు అధికారి ఒక ప్రాంతంలో సోదాలకు అనుమతి ఇస్తాడు, 48 గంటల్లో హోం మంత్రి దాన్ని ఖాయం చేయాలి, గడువు 28 రోజులకు మించకూడదు. వింటే పకడ్బందీగానే ఉంటుంది. ఇక్కడ తొందరపడకు. లండన్ మహానగరం మొత్తానికీ ఆ అనుమతిని 2001 ఫిబ్రవరి నుంచి గడువు తీరినప్పుడల్లా పొడిగిస్తూనే వచ్చారు. పైగా ఆపే పోలీసుకు ఆ మనిషి మీద అనుమానం ఉండనక్కర్లేదు. అసలు సంగతి ఇదే, స్రవంతీ. పోలీసు చెప్పిన కారణం సరైనదా కాదా అని జడ్జి తేల్చగలడు. చట్టం కారణమే అడగనప్పుడు ఆయన ముందు పరిశీలించడానికి ఏముంటుంది? ఈ పేరాకి ఎంత చోటు కావాలన్నా ఇవ్వు.

అవతలి వాదన బలంగా చెప్పు. 2006లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ పోలీసుల పక్షానే తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు ఇచ్చిన లార్డ్ బింగ్‌హామ్ తెలివితక్కువ జడ్జి కాదు. ఎయిర్‌పోర్టులో సోదాకి మనమంతా ఒప్పుకుంటున్నాం కదా అన్నది ఆయన వాదన. 2010 జనవరి 12న స్ట్రాస్‌బర్గ్ కోర్టు, అంటే యూరోపియన్ మానవ హక్కుల కోర్టు, దానికే జవాబిచ్చింది: విమానం ఎక్కేవాడు తనంతట తాను ఎంచుకుని వస్తాడు, వద్దనుకుంటే వెనక్కి పోవచ్చు, వీధిలో నడిచేవాడికి ఆ వీలు లేదు. యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందంలో వ్యక్తిగత జీవితానికి రక్షణ ఇచ్చే 8వ అధికరణాన్ని ఉల్లంఘించారని తేల్చింది. అధికారం ఇంత విశాలంగా ఉంటే దుర్వినియోగం జరిగిందని రుజువు చేయడమే కష్టమని కూడా చెప్పింది.

అంకెల్లో ఒక్కటి చాలు: 2009-10లో బ్రిటన్‌లో ఈ సెక్షన్ కింద 1,01,248 సోదాలు జరిగితే, ఉగ్రవాద నేరం కింద ఒక్క అరెస్టూ లేదు. మిగతావి తీసెయ్. హైదరాబాద్ కార్డన్ సెర్చ్‌ల మీద రెండు లైన్లు ఇరికించావు, అవి కూడా వద్దు. వాటికి విడిగా వ్యాసం రాయి, నేను చదువుతాను.

ముగింపు మాత్రం మార్చాల్సిందే. 44వ సెక్షన్ స్థానంలో కొత్త నిబంధన తెచ్చిన 2012 చట్టంతో కథ సుఖాంతమైనట్టు రాశావు. నిజమే, గడువు 14 రోజులకు తగ్గింది, ఉగ్రవాద చర్య జరగబోతోందన్న సహేతుకమైన అనుమానం ఉంటేనే అనుమతి ఇవ్వాలి. అయినా ఆ అనుమతి ఇచ్చేది పోలీసు అధికారే, ఖాయం చేసేది మంత్రే. వీధిలో ఆపే పోలీసుకు ఎదుటి మనిషి మీద అనుమానం ఇప్పటికీ అక్కర్లేదు. జడ్జి దగ్గరికి వెళ్లేది సోదా అయిపోయాకే. ఇంత రాసి ఆపు, ఆదివారం లోపు పంపించు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు