టెక్ సందేహాలు: యాప్ తీసేసినా డబ్బులు కట్ అవుతున్నాయి!

ప్రశ్న: సర్, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. సంక్రాంతికి స్నేహితులంతా ఊరొస్తే రాత్రి మేడ మీద ఫోన్‌లో యాప్ పెట్టుకుని ట్రూత్ ఆర్ డేర్ ఆడాం. యాప్ అడిగితే కాంటాక్ట్స్, మైక్ పర్మిషన్ ఇచ్చేశాను. మావాడొకడు ‘ఫ్రీ ట్రయల్’ నొక్కాడు. పండగయ్యాక యాప్ తీసేసినా నెలనెలా డబ్బులు పోతున్నాయి. ఉచితంగా, తెలుగులో, నెట్ లేకుండా ఆడే దారి ఏదైనా ఉందా?

జవాబు: యాప్ తీసేస్తే చందా ఆగదు. అప్పుడు వాడిన జీమెయిల్‌తోనే ప్లే స్టోర్ తెరిచి, పైన మీ ఫొటో నొక్కి, ‘పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్’లో క్యాన్సిల్ చేయండి. యూపీఐ యాప్‌లో ఆటోపే కూడా చూసుకోండి. డబ్బు కట్ అయి 48 గంటలు దాటకపోతే గూగుల్‌నే రీఫండ్ అడగొచ్చు. దాటితే యాప్ వాళ్లకు మెయిల్ పెట్టాలి.

యాప్‌తో పాటే పర్మిషన్లూ పోయాయి. కానీ కాంటాక్ట్స్ ఈలోపే వాళ్ల సర్వర్‌కి చేరి ఉంటే వెనక్కి తేలేం. అయినా ‘నిజం చెబుతావా, చెప్పింది చేస్తావా’ అని అడగడానికి మీ మేనమామ నంబరు దానికెందుకండీ?

ఆ యాప్ చేసేదల్లా చిట్టాలోంచి ఏదో ఒక ప్రశ్న తీసి చూపించడమే. ఆ చిట్టా మీరే రాసుకోండి. కంప్యూటర్‌లో గూగుల్ షీట్స్ తెరిచి ట్రూత్‌లు ఒక షీట్‌లో, డేర్‌లు ఇంకో షీట్‌లో, వరసకొకటి చొప్పున రాయండి. ‘బరి దగ్గర ఎంత పోగొట్టుకున్నావ్, ఇంట్లో ఎంతని చెప్పావ్?’, ‘పొడి రాలకుండా పూతరేకు తిను’ లాంటివి ఇంగ్లిష్ యాప్‌లో చచ్చినా రావు. అన్నీ సెలెక్ట్ చేసి డేటా మెనూలో ‘రాండమైజ్ రేంజ్’ నొక్కితే పేకముక్కల్లా కలిసిపోతాయి. ఫోన్‌లోని షీట్స్ యాప్‌లో ఆ ఫైల్ పక్కన మూడు చుక్కలు నొక్కి ఆఫ్‌లైన్‌లో ఉంచుకోండి. సిగ్నల్ అందని లంకలో కూర్చున్నా తెరుచుకుంటుంది. పై నుంచి వరసగా చదువుతూ రండి, అడిగిందే మళ్లీ రాదు. ఎవరి వంతో తేల్చడానికి మాత్రం సీసా తిప్పండి. దానికి చార్జింగ్ అక్కర్లేదు.

ప్రశ్న: డేర్‌లో నేను చేసిన డాన్స్ వీడియోను ఫ్రెండ్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టింది, తీయనంటోంది. నేను తీసేయొచ్చా? (రాజోలు నుంచి)

జవాబు: మీరు తీయలేరు, గ్రూప్ అడ్మిన్ తీయగలరు. ఎవరు పెట్టిందైనా అడ్మిన్ అందరికీ కనిపించకుండా డిలీట్ చేయొచ్చు. ఆలస్యమైతే ఆ ఆప్షన్ రాదు కాబట్టి ఇవాళే అడగండి. అప్పటికే డౌన్‌లోడ్ అయిన కాపీలు ఫోన్లలో ఉండిపోవచ్చు. ఈసారి వీడియో పంపక తప్పకపోతే ‘వ్యూ వన్స్’ పెట్టమనండి. స్క్రీన్‌షాట్ పడదు గానీ, పక్కవాళ్లు ఇంకో ఫోన్‌తో తీస్తే అదీ ఆపలేదు.