హెడర్ కొనేముందు మీరు ఏ ఆర్పీఎంలో తిప్పుతారో చెప్పండి

ప్రశ్న: అన్నా నమస్తే. నాది 2008 స్విఫ్ట్ పెట్రోల్, 1.3 ఇంజన్. రోజూ హన్మకొండ నుంచి కాజీపేట ఆఫీసుకి పోయొస్తా, అప్పుడప్పుడు హైదరాబాద్. ఫ్రీ ఫ్లో ఎగ్జాస్ట్ ఇప్పటికే పెట్టించిన, ఇప్పుడు హెడర్ పెట్టిద్దామనుకుంటున్న. ఒక షాపాయన 4-1 తీస్కో పవర్ ఎక్కువొస్తది అంటుండు, ఇంకొకాయన 4-2-1 అంటుండు, మా దోస్తేమో పైపు మరీ లావైతే బ్యాక్ ప్రెషర్ పోయి పికప్ పోతది అంటుండు. ఎవరి మాట వినాలె? ఎంఎస్ (మైల్డ్ స్టీల్) తీస్కోవాల్నా, ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) తీస్కోవాల్నా?
- ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: తమ్ముడూ, ముగ్గురూ తలా కొంచెం నిజమే చెప్తున్నారు, అసలు చిక్కు అదే. కొత్తవాళ్ళ కోసం ఒక మాట: హెడర్ అంటే సిలిండర్ల లోంచి పొగని బయటికి తీసే కంపెనీ మ్యానిఫోల్డ్ తీసేసి దాని చోట పెట్టే పైపుల సెట్. 4-1లో నాలుగు పైపులూ ఒకేసారి ఒకటవుతాయి, 4-2-1లో ముందు రెండు జతలై తర్వాత ఒకటవుతాయి. మీ దోస్తు చెప్పింది ముందు చూద్దాం. పైపు లావైతే పికప్ పోయే మాట నిజం, కానీ కారణం బ్యాక్ ప్రెషర్ (పొగకి తగిలే ఎదురొత్తిడి) కాదు. ఏ ఇంజనూ బ్యాక్ ప్రెషర్ కోరుకోదు, దానికి కావాల్సింది పొగ వేగం. హైవే మీద లారీ దూసుకుపోతే దాని వెనకాల దుమ్ము, కాగితాలు ఎలా లాక్కుపోతాయో చూసే ఉంటారు, సిలిండర్ లోంచి బయటికొచ్చే పొగ కూడా స్పీడ్‌గా పోతే వెనకాల అలాగే లాగుతుంది, పైపు మరీ లావైతే పొగ నెమ్మదించి ఆ లాగుడే తగ్గిపోతుంది.

దీనికి తోడు ఇంకోటుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే ఒక ప్రెషర్ అల పైపులో పరుగెత్తి, నాలుగు పైపులు కలిసే కలెక్టర్ దగ్గర చోటు ఒక్కసారిగా పెద్దదవ్వడంతో సక్షన్ అలగా మారి వెనక్కి తిరిగొస్తుంది, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాసేపు తెరిచి ఉండే ఓవర్‌ల్యాప్ టైమ్‌కి అది కరెక్ట్‌గా వచ్చిందంటే మిగిలిన పొగని లాగేసి కొత్త మిక్స్చర్ లోపలికి రావడానికి సాయం చేస్తుంది. ఏ ఆర్పీఎంలో (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) కరెక్ట్‌గా వస్తుందన్నది పైపు పొడవు మీద ఉంటుంది. పొడవు పైపైతే కింది ఆర్పీఎంలో, పొట్టి పైపైతే పై ఆర్పీఎంలో. అందుకే ఏ హెడర్ మంచిది అని అడిగితే జవాబు రాదు, మీ కాలు ఎక్కువసేపు ఏ ఆర్పీఎంలో ఉంటుందో చెప్తే వస్తుంది.

మీ ఇంజన్ కంపెనీ లెక్కలో 87 హార్స్ పవర్, అదీ 6000 ఆర్పీఎంలో. టార్క్ 113 న్యూటన్ మీటర్లు, 4500లో. హన్మకొండ, కాజీపేట మధ్య ట్రాఫిక్‌లో మీరు 6000 ఎప్పుడు తిప్పుతారు చెప్పండి? 4-1 అనేది పైన మంట పుట్టించే రకం, ట్రాక్ మీద ఆర్పీఎం దించకుండా 5000 పైనే ఉంచేవాళ్ళకి. మీకు 4-2-1 చాలు. అందులో జతలు మాత్రం కరెక్ట్‌గా ఉండాలి, ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు పేలే వరస) 1-3-4-2 కాబట్టి ముందు 1తో 4, 2తో 3 కలవాలి, అప్పుడే ఒక్కో జతలో పేలుళ్ళ మధ్య 360 డిగ్రీల గ్యాప్ ఉండి ఒకదాని పొగ ఇంకోదానికి అడ్డం రాదు. మూలల్లో చోటు దొరకలేదని పక్కపక్క పైపులు కలిపేసి ఇదే 4-2-1 అని అమ్మే షాపులున్నాయి, చేతిలోకి తీసుకుని ఒక్కో పైపు ఎక్కడికి పోతుందో వేలితో పట్టుకుని చూడండి, మొహమాటపడొద్దు.

లావు సంగతి: ఒక్కో సిలిండర్ 325 సీసీ లోపే, కాబట్టి ఒక్కో పైపు ఒకటిన్నర అంగుళం దాటొద్దు. హెడర్ నోరు హెడ్‌లోని పోర్ట్ కన్నా చిన్నదవ్వకుండా కూడా చూడండి, పోర్ట్ లోంచి వచ్చే పొగకి మెట్టు అడ్డం తగిలితే పెట్టిన డబ్బంతా అక్కడే ఆగుతుంది. కొంచెం పెద్దదైతే ఫర్వాలేదు.

ఎంఎస్ చవక, తుప్పు పడుతుంది. 304 గ్రేడ్ ఎస్‌ఎస్ తుప్పు పట్టదు కానీ వేడికి ఎంఎస్ కన్నా ఎక్కువ సాగుతుంది, వెల్డింగ్ బాగాలేకపోతే అతుకు దగ్గరే పగులుతుంది, కాబట్టి మెటల్ పేరు కన్నా చేసినవాడి చెయ్యి ముఖ్యం. టిగ్ వెల్డింగేనా, వెనక నుంచి ఆర్గాన్ పెట్టి చేశారా అడగండి. కలెక్టర్ లోపలికి వేలు పోనిచ్చి చూస్తే ముద్దలు ముద్దలుగా తగిలిందంటే వద్దని చెప్పి వచ్చేయండి. ఫ్లాంజ్ (హెడ్‌కి బిగించే పలక) మందం 10 ఎంఎం దాకా ఉంటే వేడికి వంకర పోదు, సన్నగా ఉంటే కొన్నాళ్ళకి గ్యాస్కెట్ దగ్గర టిక్ టిక్ మొదలవుతుంది. ఆ లీక్ చప్పుడుతో పోయేది కాదు తమ్ముడూ, ఆక్సిజన్ సెన్సర్ ముందున్న లీక్ లోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటే సెన్సర్ దాన్ని చూసి పెట్రోల్ తక్కువైందనుకుంటుంది, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ఇంకా పోస్తుంది, మైలేజ్ పడిపోతుంది, మీరేమో హెడర్ పెట్టాక కారు తాగుతోంది అనుకుంటారు.

మీది అడ్డంగా పెట్టిన ఇంజన్, యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా ముందుకీ వెనక్కీ ఊగుతుంది, కాబట్టి హెడర్ తర్వాత ఫ్లెక్స్ పైపు (వంగే పైపు ముక్క) కచ్చితంగా ఉండాలి. కలెక్టర్ సంప్ (ఇంజన్ కింద ఆయిల్ ఉండే గిన్నె) కన్నా కిందికి వేలాడితే మన స్పీడ్ బ్రేకర్ల సంగతి నేను చెప్పక్కర్లేదు. అంతేకాదు, ఇన్నేళ్ళ ఇంజన్‌లో మ్యానిఫోల్డ్ స్టడ్లు తుప్పుపట్టి విరుగుతాయి, ముందురోజు రాత్రే రస్ట్ రిమూవర్ కొట్టించి ఉంచమనండి, విరిగితే డ్రిల్ చేసే ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి. కొన్ని రోజులు తిప్పాక నట్లు ఇంకోసారి టైట్ చేయించాలి.

లాభం ఎంతంటారా, ఇంత చిన్న ఇంజన్‌కి ఒక్క హెడర్‌తో నాలుగైదు హార్స్ పవర్ వస్తే సంతోషించండి, ఫుల్ థ్రాటిల్‌లో ఈసీయూ పాత మ్యాప్ ప్రకారమే పెట్రోల్ పోస్తుంది కాబట్టి ట్యూనింగ్ చేయించకపోతే అదీ పూర్తిగా రాదు. 20 అని చెప్పేవాణ్ణి ముందూ తర్వాతా డైనో షీట్ (మిషన్ మీద పవర్ కొలిచిన కాగితం) చూపించమనండి. సౌండ్ పెరిగితే స్పీడ్ పెరిగినట్టే అనిపిస్తుంది, అది చెవి చేసే మోసం.

చివరగా, క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలో విషాన్ని తగ్గించే డబ్బా, క్యాట్ అంటారు) మ్యానిఫోల్డ్‌కే అతుక్కుని ఉందా, కింద పైపులో ఉందా కార్ కిందికి దూరి చూడండి. అతుక్కుని ఉంటే హెడర్ పెట్టడమంటే క్యాట్ తీసేయడమే, అలాగైతే నేను వద్దనే అంటా. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5 వేల ఫైన్, ఆరు నెలల దాకా జైలు కూడా రాసుంది. మీ కారు 15 ఏళ్ళు దాటింది, అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఆర్టీఓ ముందు నిలబెట్టాలి, అందుకని పాత మ్యానిఫోల్డ్‌ని స్క్రాప్‌కి వేయొద్దు.

ప్రశ్న: అన్నగారూ, హెడర్‌కి గుడ్డలాంటి హీట్ వ్రాప్ చుట్టించమంటున్నారు, చుట్టించనా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీది సముద్రం పక్కన ఊరు, ఎంఎస్ హెడరైతే అస్సలు వద్దు. వేడి లోపలే ఉంటే పొగ వేగం నిలబడుతుంది, బానెట్ కింద వైర్లూ ఏసీ పైపులూ చల్లగా ఉంటాయి, అంతవరకు బాగానే ఉంది. కానీ వానాకాలం ఆ గుడ్డ తడి పీల్చుకుని పైపుకి అంటిపెట్టుకునే ఉంటుంది, లోపల ఏం కుళ్ళుతుందో పైకి కనపడదు. ఖర్చెక్కువైనా సిరామిక్ కోటింగ్ చేయించండి.

ప్రశ్న: నా వర్టస్ 1.0 టీఎస్ఐకి మంచి హెడర్ ఏదో చెప్పగలరు.
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: లేదమ్మా, పెట్టడానికి చోటే లేదు. ఆ ఇంజన్‌లో ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ సిలిండర్ హెడ్ పోతలోనే కలిసిపోయి ఉంటుంది, టర్బో నేరుగా హెడ్‌కే బిగిస్తారు. దానికి హెడర్ అని ఎవరైనా అమ్మితే అది డౌన్‌పైపు (టర్బో తర్వాత వచ్చే పైపు) అయ్యుంటుంది, అందులో క్యాట్ ఉంటుంది, బీఎస్6 కారుకి దాన్ని కదిపితే చెక్ ఇంజన్ లైటు, పొల్యూషన్ సర్టిఫికెట్, వారంటీ మూడింటితో గొడవే.

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఉంటాం. 2015 మస్టాంగ్ జీటీకి లాంగ్ ట్యూబ్ హెడర్స్ పెడితే స్మాగ్ చెక్‌లో (ఇక్కడి పొల్యూషన్ పరీక్ష) పాసవుతుందా?
- ఒక పాఠకుడు, శాన్ హోసే

జవాబు: అవదనే అనుకోండి. అక్కడ స్మాగ్ చెక్‌లో బానెట్ ఎత్తి కళ్ళతో కూడా చూస్తారు, ఎమిషన్‌తో సంబంధమున్న పార్ట్ ఏది మార్చినా దానికి కార్బ్ (అక్కడి గాలి కాలుష్య నియంత్రణ బోర్డు) ఇచ్చిన ఈఓ నంబర్ (అనుమతి నంబర్) ఉండాలి. లాంగ్ ట్యూబ్ పెడితే క్యాట్‌ల చోటు మారుతుంది కాబట్టి ఆ నంబర్ దొరకడం కష్టం. షార్టీ (పొట్టి పైపుల) రకంలో నంబర్ ఉన్నవి దొరుకుతాయి, కానీ మీ ఇంజన్‌కి కంపెనీ ఇచ్చిందే పోత ఇనుము ముద్ద కాదు, ట్యూబులతో చేసిన మ్యానిఫోల్డ్, దాన్ని తీసి షార్టీ పెడితే పెద్దగా ఏం రాదు. ఆ డబ్బుతో మంచి టైర్లు కొనుక్కోండి సార్.