హామ్ రేడియో పిచ్చిలో పడితే ఎప్‌సెట్ పోతుందా?

ప్రశ్న: మా బాబు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. పోయిన వానాకాలంలో మా కాలనీలో నీళ్లు నిలిచి, కరెంటు పోయి, ఫోన్ సిగ్నల్ కూడా లేక బాగా ఇబ్బంది పడ్డాం. అప్పటి నుంచి హామ్ రేడియో నేర్చుకుంటానని పట్టుబడుతున్నాడు. వాళ్ల నాన్న ఆన్‌లైన్‌లో ఒక వాకీటాకీ కొనిచ్చారు. మాకు తెలిసిన కన్సల్టెన్సీ వాళ్లేమో హామ్ లైసెన్స్, డిజాస్టర్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ రెండూ ఉంటే అమెరికా అడ్మిషన్లకు ప్రొఫైల్ బాగుంటుందంటున్నారు. రెండిట్లో ఏది మంచిది? వీటివల్ల చదువు పాడవుతుందేమోనని చాలా టెన్షన్‌గా ఉంది. డాబా మీద యాంటెన్నా కడతానంటున్నాడు, అపార్ట్‌మెంట్ వాళ్లు ఊరుకుంటారా? – ఒక తల్లి, నిజాంపేట

జవాబు: అమ్మా, హామ్ రేడియో అంటే ప్రభుత్వ లైసెన్స్ తీసుకుని హాబీగా నడిపే సొంత రేడియో. దీన్నే అమెచ్యూర్ రేడియో అనీ, నడిపేవాళ్లను హామ్‌లు అనీ అంటారు. ముందు ఆ వాకీటాకీ సంగతి తేల్చుకుందాం. మీవారు ముచ్చటపడి కొనిచ్చారు, అర్థమైంది. కానీ ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే రెండు బ్యాండ్ల (ఫ్రీక్వెన్సీ పట్టీల) సెట్లు చాలావరకు హామ్ లైసెన్స్ ఉన్నవాళ్లు వాడాల్సినవి. లైసెన్స్ లేకుండా వాటిలో మాట్లాడటమే కాదు, ఇంట్లో ఉంచుకోవడమూ చట్టం ప్రకారం తప్పే. పైగా ఆ సెట్లలో హామ్‌ల బ్యాండ్లే కాక, వేరే సర్వీసులకు కేటాయించిన ఫ్రీక్వెన్సీలు కూడా తగులుతాయి. పిల్లాడు సరదాగా బటన్ నొక్కితే అవతల ఎవరి డ్యూటీకి అడ్డం పడతాడో వాడికీ తెలియదు, మీకూ తెలియదు. 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇలాంటి సెట్లు అమ్ముతున్న ఈ-కామర్స్ కంపెనీలకు నోటీసులిచ్చి, మార్గదర్శకాలు కూడా తెచ్చింది. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ పవర్ సెట్లకు లైసెన్స్ అక్కర్లేదు. మీ దగ్గరున్నది అదేనా కాదా పెట్టె మీద చూడండి. కాకపోతే అమ్మినవాళ్లకు తిప్పి పంపండి, లేదా లైసెన్స్ ఉన్న హామ్ ఎవరైనా ఉంటే వాళ్లకిచ్చేయండి. కోచింగ్ ఫీజు రసీదులో జీఎస్టీ ఎంతో లెక్క చూసుకునే మనం, రేడియో కొనేటప్పుడు ఇది మన ఇంట్లో ఉండొచ్చా అని ఒక్క మాట అడగకపోతే ఎలా?

ఇక మీ టెన్షన్. ఇంటర్ పిల్లల తల్లులు నా దగ్గరకు ఇదే భయాన్ని రకరకాల పేర్లతో తెస్తారు. ఒకరికి కీబోర్డు, ఒకరికి చెస్, ఒకరికి క్రికెట్ అకాడమీ. మెటీరియల్‌లో లేనిది ఏది నచ్చినా పిల్లాడు చేజారిపోతాడని భయం. మీవాడు పొద్దున్నే కాలేజీకి వెళ్లి, స్టడీ అవర్స్ అయ్యాక ఇంటికొచ్చి, ఇంకా ఒక విషయం నేర్చుకోవాలని ఉత్సాహపడుతున్నాడంటే ముందు సంతోషించండి. ఆ వయసులో చాలామంది పిల్లలు ఆ టైముకి ఫోన్ పట్టుకుని మంచం ఎక్కుతున్నారు.

హామ్ పరీక్షకు కావాల్సిన థియరీలో మంచి భాగం వాడు ఎలాగూ చదవాల్సిందే. ఏసీ సర్క్యూట్లు, రెజొనెన్స్, విద్యుదయస్కాంత తరంగాలు అన్నీ సెకండియర్ ఫిజిక్స్‌లో వస్తాయి. దీనివల్ల ర్యాంకు పెరుగుతుందని మాత్రం నేను చెప్పను. అలా చెప్పి ఫీజు కట్టించుకునేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. వారానికి మూడు నాలుగు గంటలు, అదీ ఆదివారం. పరీక్షల ముందు రెండు నెలలు పూర్తిగా బంద్. ఈ మాట ఇప్పుడే, వాడితో కూర్చుని, కోపం లేకుండా మాట్లాడుకోండి.

అసలు వాడు ఏం నేర్చుకుంటాడో మీకు కొంచెం చెప్పాలి. చాలామంది తల్లిదండ్రులు దీన్ని పాతకాలం టెలిగ్రాం అనుకుంటారు. టెలిగ్రాం 2013 జూలైలో మూతబడింది, ఇది వేరు. మన ఫోన్ పనిచేయాలంటే దగ్గర్లో టవర్, టవర్‌కు కరెంటు, అక్కడి నుంచి కేబుల్, ఇవన్నీ బాగుండాలి. వీటిలో ఒకటి తెగినా ఫోన్ బొమ్మే. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో జరిగింది అదే. చేతిలో ఫోన్లున్నాయి, మాట్లాడే దారి లేదు. హామ్ సెట్‌కు మధ్యలో ఎవరూ అక్కర్లేదు. ఒక 12 వోల్టుల బ్యాటరీ, ఒక సెట్, ఒక తీగ చాలు.

అయితే చేతి సెట్ చూసి మోసపోవద్దు. 5 వాట్ల హ్యాండ్‌సెట్ తరంగాలు దాదాపు కనుచూపు మేర సూటిగా పోయేవి. నిజాంపేట లాంటి చోట, అపార్ట్‌మెంట్ల మధ్య, రెండు మూడు కిలోమీటర్లు అందితే గొప్ప. ఎత్తు మీద రిపీటర్, అంటే మన మాటను అందుకుని మళ్లీ దూరానికి పంపే సెట్ ఉండి, అది బ్యాటరీ మీద నడుస్తుంటే ఊరంతా అందొచ్చు. ఖమ్మంతోనో విజయవాడతోనో నేరుగా మాట్లాడాలంటే 7 మెగాహెర్ట్జ్ లాంటి షార్ట్‌వేవ్ బ్యాండ్‌లోకి వెళ్లాలి. ఆ తరంగం పైకెళ్లి, వాతావరణం పైపొర అయిన అయనోస్ఫియర్‌ను తాకి తిరిగి కిందికి వస్తుంది. దానికి కావాల్సిన యాంటెన్నా దాదాపు 20 మీటర్ల రాగి తీగ, దాని మధ్య నుంచి సెట్‌కు వచ్చే ఫీడర్ అనే కేబుల్. తీగను మరీ ఎత్తులో కాకుండా కొంచెం కిందుగా కడితే తరంగం నిట్టనిలువుగా పైకెళ్లి చుట్టుపక్కల మూడు నాలుగు వందల కిలోమీటర్ల వరకు దిగుతుంది. జిల్లాల మధ్య వార్త పంపడానికి పనికొచ్చే పద్ధతి ఇదే. పగలు బాగా అందిన బ్యాండ్ రాత్రి దగ్గరి ఊళ్లకు మూగబోవచ్చు. ఏ టైముకి ఏ బ్యాండ్ అన్నది పుస్తకంలో చదివితే రాదు, విని విని తెలుసుకోవాల్సిందే.

సెట్ తిప్పడం కంటే కష్టమైనది ఒకటుంది, మాట్లాడటం. ఈ రేడియోలో ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి, మిగతా అందరూ వినాలి. ఎవరి వంతు ఎప్పుడో చూసే నెట్ కంట్రోల్ అనే స్టేషన్ పిలిస్తేనే నోరు తెరవాలి. ఎక్కడ, ఎంతమంది, ఏం కావాలి, ఎవరు చెబుతున్నారు అన్నది రాసుకుని, అక్షరం తప్పకుండా చదివి, అవతలివాళ్లు తిరిగి చదివితే సరిచూడాలి. గాభరాలో ఉన్న మనిషి చెప్పే పది నిమిషాల మాటల్ని రెండు వాక్యాల్లోకి తేవడం పెద్దవాళ్లలోనే చాలామందికి రాదు.

దీని ఘనత తెలుసుకోవడానికి మీరు ఎక్కడో వెతకక్కర్లేదు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో మన రాజ్‌భవన్ రోడ్డులోనే ఉంది, 1983లో మొదలైంది. ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ అనే మహిళ 2004 డిసెంబర్‌లో అండమాన్ నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటానికని పోర్ట్ బ్లెయిర్ వెళ్లారు. ఆ నెల 26న భూకంపం, సునామీ. హాబీగా తీసుకెళ్లిన సెట్టే దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య వార్తలు మోసింది. మావాళ్లు బతికున్నారా అని అడిగే కుటుంబాలకు జవాబులు అందించింది. ఈ ముక్క మీవారికి కూడా చదివి వినిపించండి. అమ్మాయిలున్న ఇళ్లల్లో అయితే మరీ ముఖ్యంగా వినిపించాలి, ఎందుకో ఇది మగపిల్లల వ్యవహారం అని మనవాళ్ల లెక్క.

ఇప్పుడు కన్సల్టెన్సీ వాళ్ల మాట. ఇక్కడ నాకు చాలా అనుమానాలున్నాయి. ఈ మధ్య హైదరాబాద్‌లో ఎనిమిదో తరగతి నుంచే ప్రొఫైల్ బిల్డింగ్ అని మొదలుపెడుతున్నారు. ఒక ఎన్జీవో లెటర్, ఒక రీసెర్చ్ పేపర్, ఒక పతకం, ఇప్పుడు కొత్తగా ఒక కాల్‌సైన్, అంటే లైసెన్స్‌తో హామ్‌కు ఇచ్చే గుర్తింపు పేరు. పిల్లాడికి నిజంగా ఇష్టమున్నదాన్ని తీసుకుని, దానికి ధర కట్టి, ప్యాకేజీలో పెట్టి మీకే అమ్ముతున్నారు. ఆ రోజు నుంచి వాడు రేడియో ముందు కూర్చున్నప్పుడల్లా మీరు అడుగుతారు, దీనికి సర్టిఫికెట్ ఎప్పుడొస్తుంది అని. అలా అడిగీ అడిగీ పిల్లల్లో ఉన్న ఆసక్తిని చంపేసిన ఇళ్లు నాకు తెలుసు. మీరు ఇప్పటికే ఆ దారిలో ఒక అడుగు వేశారు కాబట్టే కొంచెం గట్టిగా చెబుతున్నాను. వాడు నేర్చుకుంటానన్నది ఊరికి నీళ్లొచ్చినప్పుడు ఉపయోగపడదామని. మీరేమో దాన్ని అమెరికా ఫారంలో ఏ గడిలో నింపాలా అని చూస్తున్నారు. మూడేళ్లు ఇష్టంగా చేస్తే అది వాడి మాటల్లో, వాడు రాసే వ్యాసంలో తనంతట తానే కనబడుతుంది. ఫారం కోసం మొదలుపెడితే అది కూడా కనబడుతుంది.

డిజాస్టర్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ సంగతికొస్తే, కొన్ని గంటల వీడియోలు చూసి తెచ్చుకునే ఆ కాగితం, గట్టు మీద కూర్చుని ఈత నేర్చుకున్నట్టు ఉంటుంది. అది చూపిస్తే విపత్తు దళంలో ఉద్యోగం వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. జాతీయ విపత్తు దళమైన ఎన్‌డీఆర్‌ఎఫ్‌లో పనిచేసే జవాన్లు సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, ఐటీబీపీ లాంటి కేంద్ర బలగాల నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినవాళ్లు. సీరియస్‌గా చదవాలనుకుంటే ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్)లో ఈ సబ్జెక్టులో పీజీ ఉంది. అది డిగ్రీ అయ్యాక ఆలోచించాల్సింది, ఇంటర్‌లో కాదు. ఇప్పుడు చేయాలంటే ఒక ఫస్ట్ ఎయిడ్ శిక్షణ ఇప్పించండి, ఎక్కువ పనికొస్తుంది.

రెండిట్లో ఏది అని అడిగారు కాబట్టి చెబుతున్నాను, హామ్ లైసెన్సే. కానీ కెరీర్ అని కాదు. అమెచ్యూర్ రేడియోకు మొదటి నియమమే డబ్బు కోసం చేయకూడదన్నది. ఆ కాల్‌సైన్‌తో పైసా సంపాదించడానికి వీల్లేదు. జీతం ఎంత అని మీవారు అడిగితే సున్నా అని చెప్పేయండి, వాదన అక్కడితో ఆగుతుంది. ఓడల్లో రేడియో ఆఫీసర్ ఉద్యోగం కూడా 1999లో ఉపగ్రహ వ్యవస్థ పూర్తిగా వచ్చాక దాదాపు కనుమరుగైంది. కాబట్టి ఎవరైనా ఆ ఆశ చూపిస్తే నవ్వి ఊరుకోండి.

ఉద్యోగం దారి ఈసీఈలో (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్‌లో) ఉంది. రేడియో ఫ్రీక్వెన్సీ పని మీద నిజమైన ఇష్టం నిలబడితే మన ఊళ్లోనే చాంద్రాయణగుట్టలో డీఆర్‌డీవో ల్యాబ్ అయిన డీఎల్‌ఆర్‌ఎల్ ఉంది, ఈసీఐఎల్ ఉంది, ఆస్ట్రా మైక్రోవేవ్ లాంటి కంపెనీలున్నాయి. పోలీసు శాఖలో ఐటీ అండ్ కమ్యూనికేషన్స్ విభాగానికి ఎస్‌ఐలను విడిగా తీసుకుంటారు. వేటిలోనూ హామ్ లైసెన్స్ అర్హత కాదు, డిగ్రీ, పరీక్ష తప్పవు. సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే ఖాళీలూ తక్కువే. ఈసీఈ చదివి చివరికి సాఫ్ట్‌వేర్‌లోనే తేలేవాళ్లు చాలామంది. సీఎస్‌ఈనా ఈసీఈనా అన్నది ర్యాంకు వచ్చాక చూసుకుందాం, ఇప్పుడే దాని మీద ఇంట్లో గొడవలొద్దు.

లైసెన్స్‌కు పన్నెండేళ్లు నిండితే చాలు కాబట్టి వయసు అడ్డం కాదు. చుక్కలు, గీతల మోర్స్ కోడ్ రాకపోయినా రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ అనే మొదటి మెట్టు లైసెన్స్‌తో మొదలుపెట్టొచ్చు. పరీక్ష పాసైనా పోలీసు విచారణ, కాగితాలు కలిపి లైసెన్స్ చేతికొచ్చేసరికి నెలలు పట్టొచ్చు. ఆ లోపల ఖర్చు పెట్టకండి. ఇంటర్నెట్‌లో వెబ్ ఎస్‌డీఆర్ అనే రిసీవర్లున్నాయి. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే యూనివర్సిటీ నడిపేది అందరికీ తెలిసినది. బ్రౌజర్‌లో తెరిచి రోజూ ఒక పావుగంట వింటే చాలు. ఒక ఆదివారం వాడితో పాటు మీరూ ఒక హామ్ స్టేషన్‌కు వెళ్లి కూర్చోండి. రెండు నెలలు విన్నాక కూడా ఇష్టం తగ్గకపోతే అప్పుడు సెట్ గురించి ఆలోచించొచ్చు.

యాంటెన్నా సంగతి లైసెన్స్ వచ్చాకే. అప్పుడు అసోసియేషన్ సెక్రటరీ దగ్గరకు పిల్లాణ్ని ఒక్కణ్నే పంపకుండా మీరూ వెళ్లండి. లైసెన్స్ కాపీ చూపించి, అది సెల్ టవర్ కాదని, డాబా మీద ఒక తీగ మాత్రమేనని చెప్పండి. కరెంటు తీగలకు దూరంగా కట్టాలి, ఎవరి మెడకూ తగలనంత ఎత్తు ఉండాలి, ఉరుములు మొదలైతే ఫీడర్ ఊడదీయాలి. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి వాడి చేత సంతకం పెట్టించి ఇవ్వండి. అయినా సెక్రటరీ గారు ఒప్పుకోకపోతే ఏదైనా హామ్ క్లబ్ స్టేషన్‌కు వెళ్లి నేర్చుకోమనండి, తీగ కోసం పక్కింటివాళ్లతో పేచీ వద్దు.