రోజా పార్క్స్ ‘కూర్చుంది’ అనాలా, ‘కూర్చున్నారు’ అనాలా?

సందేహం: అమెరికా పౌర హక్కుల ఉద్యమం మీద పిల్లలకు పుస్తకం రాస్తున్నాను. బస్సులో తెల్లవాళ్ళ కోసం సీటు వదలనన్న నల్లజాతి మహిళ రోజా పార్క్స్ ‘కూర్చుంది’ అని రాస్తే అగౌరవమా? సంభాషణల్లో ‘నువ్వు’ వాడాలా, ‘మీరు’ వాడాలా?

సమాధానం: అగౌరవం కాదు. రుద్రమదేవి ఏలింది, అశోకుడు పాలించాడు అనే కదా రాస్తాం. ‘లేవలేదు’ అన్నచోట మీకా చిక్కే లేదు, రెండు వచనాలకూ రూపం ఒకటే. కానీ అదే పేజీలో జడ్జి ‘తీర్పు ఇచ్చారు’, పార్క్స్ ‘కూర్చుంది’ అని మాత్రం రాయకండి. ఈ విషయంలో అది పెద్ద తప్పు.

ఎందుకంటే ఆ పోరాటం ఓటు కోసం, సీటు కోసమే కాదు, పిలుపులో మర్యాద కోసం కూడా జరిగింది. అక్కడి దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాళ్ళు మిస్టర్, మిసెస్. నల్లవాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా ఉత్త పేరు, లేదా ‘బాయ్’. 1963లో అలబామాలోని గాడ్స్‌డెన్ కోర్టులో మేరీ హామిల్టన్ అనే ఉద్యమకారిణిని ప్రాసిక్యూటర్ ‘మేరీ’ అని పిలిచాడు. ‘నా పేరు మిస్ హామిల్టన్. సరిగ్గా పిలవండి’ అంది. అతను మళ్ళీ మేరీ అన్నాడు, ఆమె ఇక జవాబు చెప్పలేదు. కోర్టు ధిక్కారం కింద 5 రోజుల జైలు, 50 డాలర్ల జరిమానా పడ్డాయి. 1964లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ఈ ఘట్టం మీ పుస్తకంలో ఉంటే ప్రాసిక్యూటర్‌ది ‘నువ్వు’, హామిల్టన్‌ది ‘మీరు’ కావాలి. ఇంగ్లీషులో రెంటికీ ‘యూ’ ఒక్కటే కాబట్టి ఆ తేడా చూపించే బాధ్యత మీదే. వయసుతో పనిలేకుండా ‘ఒరే’ అనిపించుకున్న తాతలు మన ఊళ్ళలోనూ ఉన్నారు, పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

ఇక పార్క్స్ ఘట్టం: అలబామాలోనే మాంట్‌గోమరీ నగరంలో బస్సు, 1955 డిసెంబర్ 1. డ్రైవర్ మొదట ఆ వరసలో నలుగురినీ లేవమన్నాడు. అక్కడ ‘లేవండి’ అని రాయక తప్పదు. అది సంఖ్యను బట్టి వచ్చిన బహువచనం, గౌరవం కాదు. ముగ్గురు లేచాక పార్క్స్ ఒక్కతే మిగిలింది కాబట్టి ‘లేస్తావా, లేవవా?’ అని మార్చండి. ‘ఒసే’ లాంటివి చేర్చకండి, అతను అనని మాట అంటగట్టినట్టవుతుంది. అరెస్టు చేయిస్తానని అతనంటే ఆమె చెప్పిన జవాబుకు ‘చేయించండి’ సరిపోతుంది, ‘చేయించుకో’ వద్దు. ఆమె గొంతు పెంచలేదు, మర్యాదా తప్పలేదు.