అడవి దారుల్లో పొట్టి రివాల్వర్: ఎవరు కొనవచ్చు, ఏది కొనాలి

అలాస్కా, మాంటానా, వ్యోమింగ్ లాంటి చోట్లకు ఉద్యోగాల మీద వచ్చిన మనవాళ్లు, వారాంతాల్లో కొండలెక్కడం అలవాటయ్యాక, ఎలుగుబంట్ల భయంతో ఒక ప్రశ్న తరచుగా అడుగుతున్నారు: నడుముకు తగిలించుకుని రోజూ మోయగలిగే, పెద్ద క్యాలిబర్ (గుండు మందం) గల పొట్టి రివాల్వర్ ఏది మంచిది? జవాబు చెప్పే ముందు నేను వారి వీసా సంగతి అడుగుతాను.

హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, సందర్శక వీసాల మీద ఉన్నవారు తుపాకీని గానీ తూటాలను గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. కొనడం ఒక్కటే నేరమనుకోవద్దు. స్నేహితుడి తుపాకీని షూటింగ్ రేంజిలో పది నిమిషాలు చేతిలోకి తీసుకున్నా అది దగ్గర ఉంచుకోవడం కిందికే వస్తుంది. దీనికి 15 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు, ఆపైన దేశం నుంచి పంపించివేసే ప్రమాదమూ ఉంటుంది. చట్టంలో ఉన్న మినహాయింపుల్లో మనవాళ్లకు ఉపయోగపడేది ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అది ఉన్నంతకాలమే ఆ మినహాయింపు. లైసెన్సు గడువు దాటిన మరునాడు బీరువాలో ఉన్న అదే తుపాకీ నేరమవుతుంది. గ్రీన్‌కార్డు కోసం ఏళ్లకు ఏళ్లు హెచ్-1బి మీదే గడిపే మనవాళ్లు ఒక ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగకుండా ఈ దారిలో అడుగు పెట్టవద్దని నా సలహా. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు, కానీ దుకాణంలో నింపే 4473 ఫారంలో ఒక్క అబద్ధం రాసినా అదీ ఫెడరల్ నేరమే. గంజాయి మీ రాష్ట్రంలో చట్టబద్ధమే కావచ్చు. ఆ ఫారం మాత్రం గంజాయి వాడతారా అని ఫెడరల్ చట్టం ప్రకారమే అడుగుతుంది.

ఇంకొక మాట. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను సరదాగా రేంజికి తీసుకెళ్లి, చేతికి రివాల్వర్ ఇచ్చి ఫొటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టేవారున్నారు. సందర్శక వీసా మీద ఉన్నవారికి పైన చెప్పిన నిషేధమంతా వర్తిస్తుంది, పైగా ఆ ఫొటోయే సాక్ష్యం.

ఇక రివాల్వర్ విషయానికి వద్దాం. అడవిలో మోసేందుకు ఎక్కువమంది చూసేది 1955లో వచ్చిన 44 మాగ్నమ్ అనే బలమైన తూటా పేల్చే రివాల్వర్లు. పొట్టి రివాల్వర్లలో బాగా వినిపించే పేరు రూగర్ సూపర్ రెడ్‌హాక్ అలాస్కన్: రెండున్నర అంగుళాల బ్యారెల్, ఆరు తూటాలు, ఖాళీగానే కిలోంపావు బరువు. దీనికి పూర్తిగా ఎదురు కొసన స్మిత్ అండ్ వెసన్ వారి 329పిడి ఉంది. స్కాండియం అనే లోహం కలిపిన అల్యూమినియం ఫ్రేముతో, నాలుగంగుళాల బ్యారెల్‌తో, ముప్పావు కిలో కూడా తూగదు. దుకాణంలో చేతిలోకి తీసుకున్నప్పుడు తేలికైనదే ముద్దొస్తుంది. దానితో పూర్తి బలమున్న మాగ్నమ్ తూటాలు పేల్చినప్పుడు మాత్రం అరచేయి మంటెత్తి, సిలిండర్‌ను (తూటాలు పట్టే, తిరిగే భాగం) రెండోసారి నింపడానికి మనసొప్పదు. సాధన చేయని తుపాకీ అవసరానికి పనికిరాదు కనుక, కొత్తవారికి తేలిక ఫ్రేమును నేను సిఫారసు చేయను. ఈ రెంటికీ నడుమ స్మిత్ అండ్ వెసన్ మోడల్ 69 ఉంది. స్టీలుతో చేసినది, రెండు ముప్పావు అంగుళాల బ్యారెల్, ఐదు తూటాలు, బరువు కిలోకు కాస్త లోపు. రోజంతా నడిచేవారికి నేను దీనివైపే మొగ్గుతాను.

తేలిక తుపాకీలో ఇంకో చిక్కు కూడా ఉంది. అది బలంగా వెనక్కి తన్నినప్పుడు, సిలిండర్‌లో ఇంకా పేలకుండా మిగిలిన తూటాల గుండ్లు ఆ అదురుకు తమ తొడుగుల్లోంచి కొద్దికొద్దిగా ముందుకు జారి, చివరకు సిలిండర్ తిరగకుండా అడ్డుపడతాయి. మీరు ఎంచుకున్న తూటాలు ఈ పని చేస్తాయో లేదో రేంజిలో తేల్చుకోండి: సిలిండర్ నింపి, ఒకటి మిగిల్చి మిగతావన్నీ పేల్చి, ఆ చివరి తూటాను బయటికి తీసి, కొత్త తూటా పక్కన నిలబెట్టి పొడవు పోల్చి చూడండి.

పొట్టి బ్యారెల్‌తో వచ్చే నష్టాలు తెలిసే కొనాలి. మందు పూర్తిగా మండేలోపే గుండు బయటపడుతుంది కాబట్టి వేగం తగ్గుతుంది, మూతి దగ్గర మంట, మోత రెండూ పెరుగుతాయి, గురి గుర్తుల మధ్య దూరం తగ్గి చిన్న తడబాటు కూడా పెద్ద తప్పుగా మారుతుంది. లాభమల్లా మోయడంలో, చటుక్కున తీయడంలో ఉంది. తూటాల విషయంలో ఎలుగుబంటి లాంటి మందమైన జంతువుకు, తగలగానే విచ్చుకునే రకం కన్నా లోతుగా దిగే గట్టి సీసపు గుండ్లే నయం. సాధనకు మాత్రం అంతకన్నా బలం తక్కువైన 44 స్పెషల్ తూటాలు వాడండి; 44 మాగ్నమ్ రివాల్వర్‌లో అది నిక్షేపంగా పేలుతుంది, చేతిని బాధించదు. దీని తలకిందులు పనిచేయదు, స్పెషల్ రివాల్వర్‌లో మాగ్నమ్ తూటా పట్టదు.

పెట్టుకునే చోటు గురించి ఎవరూ ముందుగా ఆలోచించరు. ట్రెక్కింగ్ బ్యాగు నడుము పట్టీ బిగించాక నడుము మీది హోల్‌స్టర్‌కు (తుపాకీ ఒరకు) చోటుండదు, ఉన్నా పట్టీ కిందపడి చేయి అందదు. అందుకే ఇక్కడివారు ఛాతీకి అడ్డంగా కట్టుకునే హోల్‌స్టర్ వాడతారు.

అసలు చాలామందికి రివాల్వర్ కన్నా ముందు కావలసింది బేర్ స్ప్రే, అంటే మీదికి వచ్చే ఎలుగుబంటి మీద చిమ్మే కారపు స్ప్రే. దీనికి వీసా అడ్డంకి లేదు, ఇంట్లో భార్యాభర్తలిద్దరూ చెరొకటి పట్టుకోవచ్చు, కంగారులో సూటిగా గురిపెట్టవలసిన అవసరమూ తక్కువ. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఇపిఎ) నమోదు ఉన్నదే కొనండి. విమానంలో దీనిని చెకిన్ సామానులో కూడా ఒప్పుకోరు, దిగిన ఊళ్లోనే కొనుక్కోవాలి. కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో స్ప్రే కూడా నిషేధం.

నేషనల్ పార్కుల్లో 2010 ఫిబ్రవరి నుంచి ఆ రాష్ట్ర చట్టం ఒప్పుకుంటే తుపాకీ వెంట ఉంచుకోవచ్చు, కానీ విజిటర్ సెంటర్ లాంటి ఫెడరల్ భవనాల్లోకి తీసుకెళ్లకూడదు. ఒక రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ పక్క రాష్ట్రంలో చెల్లుతుందన్న హామీ లేదు. సియాటిల్ నుంచి అలాస్కాకు కారులో వెళ్లాలనుకునేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే దారి కెనడా గుండా పోతుంది, అక్కడ 105 మిల్లీమీటర్లు, అంటే నాలుగంగుళాల పైచిలుకు, అంతకు మించని బ్యారెల్ ఉన్న చేతి తుపాకులు నిషిద్ధ వర్గంలోకి వస్తాయి. పైన చెప్పిన మూడూ అందులో పడేవే.

రేంజికి తీసుకెళ్లిన బ్యాగును ఇండియా ప్రయాణానికి వాడకండి. అడుగున, మడతల్లో ఎక్కడో ఇరుక్కున్న ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనబడినా, లైసెన్సు లేనివారి మీద 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు పెట్టవచ్చు. రేంజికి ఒక బ్యాగు కేటాయించి, దానిని గ్యారేజీలోనే ఉంచండి.