పాత లైనర్లు పారేయకు అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

మీ బ్రూనో మళ్లీ డ్రిప్ పైపు కొరికేసిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అంతకుముందు నీ చెప్పులు, ఇంకా ముందు మోటారు దగ్గర ఆరేసిన కండువా. ఆన్‌లైన్లో వందలు పోసి తెప్పించిన మెత్తటి బొమ్మ సాయంత్రానికల్లా దూది దూది అయిపోయిందట కదా, మీ అమ్మ ఆ దూది ఊడ్చలేక నన్ను పట్టుకుని తిట్టింది, కుక్కని తెచ్చుకోమని నీకు చెప్పింది నేనేనంట. సరే, తిట్లు నావి, పని నీది. ఇంకో బొమ్మ కొనకు. దానికి కావలసింది నీ షెడ్డులోనే ఉంది, నువ్వే చెత్తకుప్పలో వేస్తున్నావ్. పాలు పితికే మిషన్ లైనర్లు.

అవును, ఆ నల్ల రబ్బరు గొట్టాలే. వాటి సంగతి ఒకసారి ఆలోచించు. క్లస్టర్‌కి, అంటే పొదుగుకి తగిలించే సెట్టుకి, నాలుగు స్టీలు కప్పులుంటే ఒక్కో దాంట్లో ఒక్కో లైనర్, మిషన్ తిరుగుతున్నంతసేపూ అది నిమిషానికి 60 సార్లు దాకా మూసుకుని తెరుచుకుంటూ ఉంటుంది, రోజూ వేడినీళ్లు, సోడా పౌడరు, మధ్యమధ్యలో యాసిడ్ తింటుంది, అయినా అంత త్వరగా చీలదు. పాలు తగిలే వస్తువు కాబట్టి రబ్బరు కూడా నాసిరకం పెట్టరు. ఇంత ఓర్పున్న రబ్బరు కుక్క బొమ్మల షాపులో నీకు దొరకదు, దొరికినా దాని రేటు వింటే కళ్లు తిరుగుతాయి. ఇంగ్లండ్ వైపు కుక్కలకి ట్రైనింగ్ ఇచ్చేవాళ్లు ఇవే లైనర్లకి ఒక పిడి తాడు కట్టి, లాగులాట బొమ్మలని అమ్ముతున్నారు కూడా. మనం ఊరికే పారేస్తున్నాం.

నీకు వెంటనే వచ్చే అనుమానం నాకు తెలుసు, "అంత గట్టివైతే ఎందుకు మార్చాలత్తా" అంటావ్. మార్చాల్సిందే. రబ్బరు లైనర్ సుమారు 2,500 పితుకుళ్లకి మార్చాలంటారు, లేదా ఆరు నెలలకి, ఏది ముందొస్తే అది. నీకు పది ఆవులు, ఒకే క్లస్టర్, రెండు పూటలు అంటే రోజుకి 20 పితుకుళ్లు, 125 రోజులకే అయిపోయింది లెక్క, నాలుగు నెలలు. చూడటానికి బాగానే ఉంటుంది కానీ లోపల సాగిపోయి, సన్నగా పగుళ్లు పట్టి, ఆ పగుళ్లలో పాల జిడ్డు చేరుతుంది, అక్కణ్ణుంచి పొదుగువాపు. చాలామంది "ఇంకా బాగుంది కదా" అని ఏడాది లాగిస్తారు, తర్వాత పొదుగు మందు ట్యూబులకీ డాక్టరుకీ డబ్బు పెడతారు. నువ్వు మాత్రం మార్చిన తేదీ గోడ మీద సుద్దతో రాసిపెట్టుకో. ఆవుకి పనికిరాని రబ్బరు కుక్కతో లాగులాటకి ఇంకా చాలాకాలం పనికొస్తుంది, ఎందుకంటే ఇక్కడ పాలూ లేవు, పొదుగూ లేదు.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. ఏ లైనర్ పడితే అది ఇవ్వకూడదు. షెడ్డులో ఏ ఆవైనా ఈసుకుపోయి ఉంటే, డాక్టరు బ్రూసెల్లా అని అనుమానపడి ఉంటే, ఆ సెట్టు మొత్తం పక్కన పెట్టి పారెయ్. ఆ జబ్బు కుక్కలకీ అంటుతుంది, మనకీ అంటుతుంది. పొదుగువాపుకి మందు నడుస్తున్నప్పుడు వాడిన సెట్టు కూడా వద్దు. మిగతావాటిని మిషన్ కడిగే పౌడరు వేసిన వేడినీళ్లలో నానబెట్టి, లోపల పొడుగు బ్రష్‌తో రెండు వైపుల నుంచీ తోము. వేలు పెట్టి చూస్తే జిడ్డు తగలకూడదు. తర్వాత పాత గిన్నెలో వేసి పది నిమిషాలు కాగబెట్టి, నీడలో ఆరెయ్, మన ఎండలో పడేస్తే రబ్బరు పెళుసెక్కుతుంది. ఫినాయిల్ జోలికి పోకు. వాసన పోదు, పైగా అది కుక్క కడుపులోకి పోవాల్సింది కాదు.

కడిగాక ఒక్కోదాన్నీ వంచి చూడు. వంచిన చోట వేలి గోరు దూరేంత పగులు కనిపిస్తే అది బొమ్మకి కూడా పనికిరాదు. తలకాయ వైపు, అంటే చన్ను దూరే చోట, పల్చటి పెదవి ఉంటుంది చూడు, ముందు చినిగేది అదే. నేనైతే ఆ పెదవిని కత్తెరతో గుండ్రంగా తీసేస్తాను, తీసేశాక అంచు గరుకు లేకుండా చూసుకుంటాను. తర్వాత పాత నూలు పంచె చింపి గట్టిగా జడలా అల్లి, లైనర్ లోపల్నుంచి ఆ చివరికి లాగి, కుక్క పట్టుకునే వైపు పెద్ద ముడి, నీ చేతి వైపు పిడిలాగా ఒక చుట్టు. అంతే. బ్రూనోలాంటి లాబ్రడార్‌కి ఒకటి చాలదు, రెండు పక్కపక్కన పెట్టి ఒకే పిడికి కట్టు, నోటికి నిండుగా ఉంటుంది, లాగినప్పుడు సాగుతుంది కాబట్టి దాని మెడకీ కుదుపు ఉండదు, నీ భుజానికీ ఉండదు. నైలాన్ తాడు మాత్రం వాడకు, ఎందుకో కింద చెప్తాను.

ఇది నమిలే బొమ్మ కాదురా, లాగే బొమ్మ. ఈ తేడా తెలియకే సగం మంది కుక్కల్ని ఆపరేషన్ బల్ల ఎక్కిస్తున్నారు. నువ్వు చేతిలో పట్టుకుని ఉన్నంతసేపే అది దాని నోట్లో ఉండాలి. ఆట అయ్యాక తీసి మేకుకి తగిలించెయ్, అందనంత ఎత్తులో. కుక్కని దానితో ఒంటరిగా వదిలి పాల కేంద్రానికి పోయావనుకో, వచ్చేసరికి ముక్కలు ముక్కలు చేసి, అందులో రెండు మింగేసి ఉంటుంది. ఇంకో సంగతి, అంతకన్నా ముఖ్యం. పాత లైనర్‌తో ఆడిన కుక్కకి కొత్త లైనర్ కనిపిస్తే ఏమనుకుంటుంది? బొమ్మే అనుకుంటుంది! నీ క్లస్టర్ కింద పెట్టే అలవాటు ఉంటే ఈ రోజే మానుకో, మిషన్ రూముకి తలుపు వెయ్. డ్రిప్ పైపు సంగతి కూడా ఇదే. పాత డ్రిప్ పైపు ముక్కలు కుక్కకి ఆడుకోవడానికి వేశారని మీ అమ్మ చెప్పింది, మరి తోటలో ఉన్నది కొరక్కుండా ఎలా ఉంటుంది? అది పాతదో కొత్తదో దానికేం తెలుసు. పైగా ఎరువు నీళ్లు, యాసిడ్ పారిన పైపు, కొరికితే అంచులు బ్లేడుల్లా తేలతాయి. ఆ ముక్కలన్నీ ఏరి అవతల పారెయ్యండి. పొలంలో వాడకంలో ఉన్న వస్తువేదీ అదే రూపంలో కుక్కకి ఇవ్వకూడదు. లైనర్‌కి పిడీ, గుడ్డ జడా కట్టమన్నది కొంత అందుకే, చూడగానే వేరేగా ఉండాలి, నీ చేతి నుంచే రావాలి.

ఆడించే పద్ధతి కూడా చెప్తాను. దానికి పది నెలలు కదా, పాల పళ్లు పోయి 42 పళ్లూ వచ్చేసి ఉంటాయి, కాబట్టి లాగులాట ఆడొచ్చు. కానీ ఎముకలు ఇంకా ముదరలేదు. పైకి ఎత్తి వేలాడదీయడం, గిరగిరా తిప్పడం, చెట్టుకి కట్టి ఎగిరి పట్టుకోమనడం, వీడియోల్లో చూసి ఇవన్నీ చెయ్యకు. బొమ్మని నేలకి దగ్గరగా, అటూ ఇటూ పాములా కదిలించు, అది పట్టుకోగానే కాసేపు లాగనివ్వు, మధ్యలో దాన్నే గెలవనివ్వు. తర్వాత నీ చెయ్యి కదలకుండా ఆపేసి "వదులు" అను. వదలకపోతే ముక్కు దగ్గర చిన్న సంగటి ముద్ద చూపించు, వదిలిన మరుక్షణం ముద్ద పెట్టి, వెంటనే మళ్లీ ఆట మొదలుపెట్టు. వదిలితే ఆట ఆగిపోదని తెలిస్తే అదే వదులుతుంది. లాగులాట ఆడితే కుక్క కరుస్తుందని మీ ఇంటి పక్కావిడ చెప్పిందంట, అదేం లేదు, పట్టుకోమన్నప్పుడు పట్టుకుని వదలమన్నప్పుడు వదలడం నేర్చిన కుక్కతోనే భయం తక్కువ. పాలు పోసి వచ్చాక పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు చాలు. అసలు అది పైపులు కొరికేది పళ్ల దురదకి కాదు, పొద్దుగూకులూ గొలుసుతో కట్టేసి ఉంటే తోచక కొరుకుతోంది. మీరు తోటలోకి పోతూ దాన్ని వెంట తీసుకెళ్తే సగం గోల అక్కడే తగ్గుతుంది.

పని వస్తువులోంచి కుక్క బొమ్మ పుట్టడం కొత్తేమీ కాదు. అమెరికాలో కాంగ్ అని ఎర్ర రబ్బరు బొమ్మ అమ్ముతారు చూడు, మూడు బుడగలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు ఉంటుంది, ఇక్కడ కూడా దొరుకుతోంది. 1970లలో జో మార్కమ్ అనే ఆయన కుక్క, జర్మన్ షెపర్డ్, రాళ్లు కొరికి పళ్లు అరగదీసుకుంటుండేదట. ఆయన ఫోక్స్‌వ్యాగన్ వ్యాను రిపేరు చేస్తూ విప్పిన సామాన్లు పక్కన పడేస్తుంటే, అందులోంచి సస్పెన్షన్ రబ్బరు ముక్కని ఆ కుక్కే ఏరుకుని వదల్లేదు. దాన్ని చూసే ఆయన బొమ్మ తయారుచేశాడు. ఒంటరిగా వదిలే టైముకి డబ్బు పెడితే అలాంటిదానికి పెట్టు, లోపల రాగి సంగటీ పెరుగూ కుక్కి ఇస్తే అరగంట నాకుతూ కూర్చుంటుంది. ఇంట్లో అలాంటిది చేద్దామనుకుంటే మాత్రం రెండు వైపులా బెజ్జం ఉండాలి, ఒకటే ఉంటే లోపలి గాలి పట్టేసి నాలుక ఇరుక్కుంటుంది.

మిగతా సామాన్ల గురించి కూడా అడుగుతావు కాబట్టి చెప్పేస్తున్నా. ట్రాక్టరు ముందు టైరు ఉంది కదా మీ దగ్గర, దాన్ని కొరకడానికి ఇవ్వకు, అంచులో ఉక్కు తీగలుంటాయి. నేల మీద పడుకోబెట్టి, మధ్యలో ఇసుక పోసి, ఇసుకలో బిస్కెట్లు పాతిపెట్టు, తవ్వుకుంటుంది. టైరు గాడిలో నీళ్లు నిలవకుండా కింద బెజ్జాలు కొట్టు, లేకపోతే దోమల ఫ్యాక్టరీ. పొద్దున కుక్కని వదిలేముందు ఒక కర్రతో కదిలించి చూడు, మన దగ్గర తేళ్లకి అంతకన్నా మంచి ఇల్లుండదు.

మోటారు డెలివరీకి వాడిన పాత క్యాన్వాస్ గుడ్డ పైపు ఎక్కడైనా దొరికితే వదలకు. జంతు ప్రదర్శనశాలల్లో పులులకీ ఎలుగులకీ పాత ఫైర్ ఇంజిన్ పైపులే అల్లి ఆటవస్తువులు చేస్తారు. మూరెడు ముక్క కోసి, రెండు చివర్లూ లోపలికి మడిచి, చెప్పులు కుట్టే ఆయన దగ్గర మందపాటి దారంతో కుట్టించు. ఇది కూడా చేతిలో ఉన్నంతసేపే.

పలుపుతాళ్లు, నైలాన్ పగ్గాలు, యూరియా సంచులు, పట్టాలు, వలలు, వీటిలో ఏదీ వద్దు. పోగులు ఊడి కడుపులోకి పోతే పేగు ఆ దారం మీద కుచ్చెళ్లలా ముడుచుకుపోతుంది, కోసి తియ్యాల్సిందే. పాల క్యాను మూతకుండే రబ్బరు వాషరు ఇవ్వకు, కింది దవడకి ఎక్కి బిగుసుకుంటుంది, చిన్నదైతే మింగేస్తుంది. దూడలకి పాలు పట్టే నిపిల్ అయితే ఒక్క కొరుకుడికి తెగి గొంతులో పడుతుంది. నట్లు, బోల్టులు, జీఐ తీగ ముక్కలు ఆడుకునే చోట ఉండకూడదు, వాటి మీది జింకు కడుపులోని యాసిడ్‌కి కరిగి నెత్తురు విరిచేస్తుంది. పురుగుమందు డబ్బా ఎన్నిసార్లు కడిగినా డబ్బానే, దాని మూత కూడా కుక్క నోటికి అందకూడదు, ఈ ఒక్క విషయంలో వాదించకు.

పాత కాడి ముక్క, మేడి ముక్క ఇద్దామని మీ నాన్న అంటాడు, ఆయనకి పాత సామాన్లంటే ప్రాణం. తుమ్మ కర్ర రాయిలా ఉంటుంది, పైదవడలో పెద్ద పన్ను పలకలా చీలుతుంది. ఏదైనా కుక్కకి ఇచ్చేముందు నీ బొటనవేలి గోరుతో నొక్కి చూడు. గోరు కొంచెమైనా దిగకపోతే అది పంటికి గట్టిది. లైనర్ నొక్కితే దిగుతుంది, చూసుకో.

ఎప్పుడైనా ముక్క తక్కువైందని అనుమానం వస్తే, కుక్క వాంతులు చేసుకుని ముద్ద ముట్టకపోతే, పొద్దు పోయిందని ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు, తిన్న వస్తువులో మిగిలిన ముక్క కూడా పట్టుకెళ్లు. వెనకనుంచి దారం కనిపిస్తే మాత్రం పట్టి లాగకు, లోపల పేగు కోసుకుపోతుంది.

నా దగ్గర పోయిన నెల మార్చిన సెట్టు ఒకటి ఉంది, కడిగి కాగబెట్టి పెట్టాను. ఆదివారం మీ మామయ్య పలమనేరు నుంచి మదనపల్లె వస్తున్నాడు, ఆయనతో పంపిస్తా. పిడి కట్టలేదు, అది నువ్వే కట్టుకో. ఖాళీ సంచి తిరిగి పంపు, అందులో మీ టమాటాలు కొన్ని వేసి పంపినా నేనేమీ అనుకోను.

మీ అత్త